మీకు తెలుసా? ఎరుకతో కనే కల నిడివి ఎంత?

15వ శతాబ్దంలో మడికి సింగన ‘వాసిష్ఠ రామాయణము’గా తెనిగించిన యోగవాసిష్ఠం మూలంలో, ఐంద్రజాలికుడి మాయకు లోబడిన లవణ మహారాజు కొలువు చెదరకముందే, కొద్దిసేపట్లోనే, అడవిలో ఏళ్లకు ఏళ్లు కాపురం చేసినట్టు అనుభవిస్తాడు. కాలం నిజంగా ఇంతగా సాగుతుందా అన్న ప్రశ్నకు, కల కంటున్నామన్న ఎరుక నిద్రలోనే కలిగే ‘స్పష్ట స్వప్నం’ ప్రయోగశాలలో జవాబు వెదికే వీలు కల్పించింది. 1980లలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు స్టీఫెన్ లాబర్జ్, అటువంటి కలలో ఉన్నవారు కళ్లను కుడియెడమలకు కదిపి సంకేతమిస్తూ పది సెకన్లు లెక్కించినప్పుడు, ఆ వ్యవధి మెలకువలోని లెక్కకు దాదాపు సరిపోయిందని చూపాడు. గుంజీలు తీయడం వంటి శారీరక చర్యలకు మాత్రం కలలో మరికొంత ఎక్కువ సమయం పడుతుందని తరువాత జర్మన్ పరిశోధకులు గమనించారు. లవణుడి అనుభవం, కథగా ఎంత అందమైనా, ఈ కొలతకు నిలవదు. కనుక నిడివి పెంచదలచినవారు, మూసిన రెప్పల కింద కళ్లు చురుగ్గా కదిలే ‘రెమ్’ నిద్ర దీర్ఘంగా సాగే తెల్లవారుజామును ఎంచుకుంటారు. కల చెదురుతున్నప్పుడు ఆ కలలోనే చేతులు రుద్దుకోవడం, గిర్రున తిరగడం లాబర్జ్ పరీక్షించిన ఉపాయాలు. మిరప కల్లానికి రాత్రంతా కాపలా కాసి వేకువన కునుకు తీసే ఒంగోలు ప్రాంతపు రైతుకు కలలు ముమ్మరంగా వస్తే, అది కూడా ఆ రెమ్ నిద్ర చలవే.