మీకు తెలుసా? ఒక ప్రమాణం తేడాకు నౌకే పోయింది!

1 కిలో ద్రవ్యరాశి ఉన్న వస్తువు వేగాన్ని ప్రతి సెకనుకూ సెకనుకు 1 మీటరు చొప్పున పెంచే బలమే 1 న్యూటన్. 100 గ్రాముల వెన్న ప్యాకెట్ అరచేతిని కిందికి నొక్కే బలం దాదాపు ఇంతే. న్యూటన్ గమన నియమాలు 1687 నాటి ఆయన పుస్తకం ‘ప్రిన్సిపియా’లోవే అయినా, ఈ ప్రమాణానికి ఆయన పేరు అంతర్జాతీయంగా ఖాయమైంది 1948లో.

అమెరికాలో పౌండ్ల లెక్క కూడా ఉంది. 1 పౌండు బలమంటే సుమారు 4.45 న్యూటన్లు. అంగారకుడి వద్దకు నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ నౌకను ముంచింది ఈ తేడాయే. దారిలో చిన్న థ్రస్టర్లు మండినప్పుడల్లా నౌకపై ఎంత తోపుడు పడిందో భూమ్మీది సాఫ్ట్‌వేర్ ఒకటి పౌండ్లలో లెక్కకట్టింది. నావిగేషన్ బృందం ఆ అంకెల్ని న్యూటన్లుగా తీసుకుంది. ఒక్కో తోపుడు చిన్నదే. కానీ అంతరిక్షంలో అడ్డుకునే గాలి లేదు, వచ్చిన వేగం వచ్చినట్టే ఉండిపోతుంది. న్యూటన్ మొదటి గమన నియమం చెప్పేది అదేగా! తొమ్మిది నెలల ప్రయాణంలో తప్పులన్నీ పేరుకున్నాయి. అంగారకుడికి 226 కి.మీ. ఎత్తున సాగాల్సిన నౌక సుమారు 57 కి.మీ.కి దిగిపోయింది. 1999 సెప్టెంబరు 23న దాని సంకేతాలు ఆగిపోయాయి.