యాభై దిర్హమ్‌ల నోటుకు రెండు వైపులా

యూఏఈలో కొన్నేళ్లుగా ఉంటున్న వాళ్లందరి చేతుల్లోనూ పాత యాభై దిర్హమ్‌ల కాగితం నోటు తిరిగే ఉంటుంది. జీతం రాగానే ఊరికి డబ్బు పంపడానికి లెక్కపెట్టుకున్న నోటే అది. దానికి ఒకవైపు పొడవాటి కొమ్ముల జంతువు, రెండోవైపు ఓ మట్టి కోట. 2021 డిసెంబర్‌లో కొత్త పాలిమర్ నోటు వచ్చాక బొమ్మ మారింది గానీ ఆ కోటా, ఆ జంతువూ ఉన్నచోటే ఉన్నాయి. కోట అల్ ఐన్‌లో ఉంది. జంతువు దుబాయ్ ఎడారిలో తిరుగుతోంది. శని, ఆదివారాలు రెండు రోజులు వీలు చేసుకుంటే రెండింటినీ చూసి రావచ్చు.

“ఏముందన్నా ఆ ఇసుకలో చూడ్డానికి?” అనేవాళ్లు మనలో చాలామంది. ఎడారి అంటే సాయంత్రం జీపులో ఇసుక దిబ్బల మీద ఎగిరి, ఒంటె ఎక్కి ఫొటో దిగి, బార్బెక్యూ తిని రావడమే అనుకుంటాం. ఈసారి దారి మార్చి వెళ్దాం. ఐదు వేల ఏళ్ల కిందటి సమాధులు, మూడు వేల ఏళ్ల కిందటి కాలువ, ఒకసారి పూర్తిగా తుడిచిపెట్టుకుపోయి మళ్లీ తిరిగొచ్చిన ఓ జంతువు... ఇవన్నీ గంటన్నర, రెండు గంటల ప్రయాణంలోనే ఉన్నాయి.

మొదటి రోజు: కొండ కింద రాళ్ల గూళ్లు

దుబాయ్ నుంచైనా, అబుదాబి నుంచైనా అల్ ఐన్‌కు కారులో సుమారు గంటన్నర. తెల్లవారుజామునే బయల్దేరితే ఎండ ముదరకముందే జబల్ హఫీత్ కొండ దగ్గరికి చేరొచ్చు. కొండ మీదికి మెలికలు తిరిగే రోడ్డు గురించి అందరికీ తెలుసు. మనం మాత్రం ముందు కొండ తూర్పు అడుగుకు వెళ్దాం. అక్కడ రాళ్లు పేర్చి కట్టిన గుండ్రటి గూళ్లు కనిపిస్తాయి. దూరం నుంచి చూస్తే పెద్ద తేనెపట్టుల్లా ఉంటాయి. ఇవి క్రీ.పూ. 3200 ప్రాంతం నుంచి కట్టిన సమాధులు. ఈ కొండ చుట్టుపక్కల ఇలాంటివి వందల్లో ఉన్నాయి.

వీటి సంగతి బయటి ప్రపంచానికి తెలిసిన కథ కూడా బాగుంటుంది. 1959లో డెన్మార్క్ పురావస్తు బృందం అబుదాబి పక్కనున్న ఉమ్ అల్ నార్ దీవిలో తవ్వకాలు మొదలుపెట్టింది. అప్పుడు అల్ ఐన్ ప్రాంతాన్ని చూసుకుంటున్న షేక్ జాయెద్ ఆ తవ్వకాలు చూసి, ‘ఇలాంటివి మా వైపు కూడా ఉన్నాయి, రండి’ అని వాళ్లను పిలిచారు. ఆ తర్వాత ఈ గూళ్లు తవ్వితే మెసపొటేమియా, అంటే ఇప్పటి ఇరాక్ వైపు నుంచి వచ్చిన కుండలు దొరికాయి. అన్ని వేల ఏళ్ల కిందటే ఇక్కడివాళ్లకు అంత దూరంతో రాకపోకలున్నాయన్నమాట.

హిలీ: రాతి మీద ఆరిక్స్

అక్కడి నుంచి ఊరికి ఉత్తరం వైపున్న హిలీ పార్కుకు వెళ్దాం. పిల్లలు ఆడుకునే చెట్ల మధ్యలో గుండ్రటి రాతి కట్టడం ఒకటి కనిపిస్తుంది. అడ్డం 12 మీటర్లు, ఎత్తు 4 మీటర్లు. క్రీ.పూ. 2500 - 2000 మధ్య కట్టిన సామూహిక సమాధి ఇది. కూలిపోయిన రాళ్లను 1970లలో తిరిగి పేర్చి నిలబెట్టారు.

దీని ద్వారం దగ్గర కాసేపు ఆగండి. రాతి మీద ఇద్దరు మనుషులు నిలబడి ఉంటారు. వాళ్లకు అటొకటి, ఇటొకటి పొడవాటి కొమ్ముల జంతువులు. పాత యాభై దిర్హమ్‌ల నోటు మీద ఉన్నది దీన్నే. అరేబియన్ ఆరిక్స్. అరబ్బులు ‘మహా’ అని పిలుచుకుంటారు. నాలుగు వేల ఏళ్లకు ముందే తమవాళ్ల సమాధి గుమ్మం మీద చెక్కుకున్నారంటే, ఈ జంతువు వాళ్లకు ఎంత దగ్గరిదో చూడండి.

ఇక్కడికి దగ్గర్లోనే తవ్విన మరో సమాధిలో 600 మందికి పైగా మనుషుల ఎముకలు దొరికాయి. ఆడా మగా, చిన్నా పెద్దా అందరివీ కలిసే ఉన్నాయి. రాజుకో సమాధి, కూలికో సమాధి అని విడివిడిగా లేదు. ఇంకో సంగతి మనవాళ్లు తప్పక తెలుసుకోవాలి. ఈ కాలపు సమాధుల్లో సింధు నాగరికత నుంచి వచ్చిన ఎర్రటి పూసలు, కుండలు దొరికాయి. ఇక్కడి కొండల్లోని రాగి బయటికి వెళ్లేది, అక్కడి సరుకు ఇటు వచ్చేది. మన ఉపఖండానికీ గల్ఫ్‌కీ రాకపోకలు పెట్రోలుతో మొదలైనవి కావు!

వంతుల వారీగా నీళ్లు

మధ్యాహ్నం ఎండకు అల్ ఐన్ ఒయాసిస్ అంత హాయి ఇంకెక్కడా ఉండదు. ఊరి నడిబొడ్డున లక్షా 47 వేల ఖర్జూర చెట్లు. లోపలికి అడుగుపెట్టగానే వేడి తగ్గినట్టు ఒంటికి తెలుస్తుంది. చెట్ల మధ్య సన్నటి కాలువల్లో నీళ్లు పారుతుంటాయి. వీటిని ‘ఫలజ్’ అంటారు. కొండ పక్కన భూగర్భంలో ఉన్న నీటిని సొరంగంలాంటి కాలువలో, చాలా కొద్దిపాటి వాలుతో ఊరిదాకా పారిస్తారు. మోటారు లేదు, కరెంటు లేదు. హిలీ దగ్గర తవ్వి తీసిన ఓ ఫలజ్ సుమారు మూడు వేల ఏళ్ల కిందటిది. ఇలాంటి కాలువల్లో ప్రపంచంలోనే చాలా పాతవాటిలో అదొకటి.

ఎవరి తోటకు ఎంతసేపు నీళ్లు వదలాలో చూసే మనిషిని ‘అరీఫ్’ అంటారు. తెలంగాణ పల్లెల్లో చెరువు తూము దగ్గర నీరటి చేసే పని ఇదే. పొలం నీళ్ల కోసం రాత్రిళ్లు వంతు కాచుకున్నవాళ్లు ఇక్కడ నిలబడితే ఎవరూ చెప్పక్కర్లేకుండానే అంతా అర్థమవుతుంది. హఫీత్ సమాధులు, హిలీ, బిదా బిన్త్ సౌద్, ఈ ఒయాసిస్‌లు అన్నింటినీ కలిపి 2011లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. యూఏఈకి ఆ గుర్తింపు రావడం అదే మొదటిసారి.

కోట... ఆ తర్వాత జీపు

ఒయాసిస్ నుంచి కాస్త దూరంలోనే అల్ జాహిలీ కోట. నోటుకు రెండోవైపు ఉన్నది ఇదే. 1890లలో కట్టారు. లోపల ఓ ఫొటోల ప్రదర్శన ఉంది. 1940లలో రబ్ అల్ ఖాలీ మహా ఎడారిని ఒంటెల మీద దాటిన బ్రిటిష్ యాత్రికుడు విల్‌ఫ్రెడ్ థెసిగర్ తీసిన ఫొటోలవి. దుబాయ్, అబుదాబి ఎలా ఉండేవో చూస్తే నమ్మబుద్ధి కాదు.

ఆ ఫొటోల కాలం నుంచే ఆరిక్స్‌కు కష్టాలు ముదిరాయి. ఒంటె మీద వెళ్లిన వేటగాడు రోజంతా తిరిగితే ఒకటి దొరికేదేమో. మోటారు బండి, మంచి తుపాకీ వచ్చాక పరిగెత్తే జంతువుకు దాక్కునే చోటు లేకుండా పోయింది. వేల ఏళ్లు మనుషుల పక్కనే బతికిన జంతువు కొద్ది దశాబ్దాల్లో అయిపోయింది. 1972లో ఒమన్‌లో చివరి మందను కూడా చంపేశారు. అప్పటితో ప్రకృతిలో అరేబియన్ ఆరిక్స్ లేకుండా పోయింది.

అయితే ఈ రోజు వస్తుందని కొందరు ముందే ఊహించారు. 1962లో మిగిలినవాటిలో కొన్నింటిని పట్టి, లండన్ జూ నుంచీ, కువైట్, సౌదీ పాలకుల దగ్గర నుంచీ మరికొన్నింటిని తెచ్చి, తొమ్మిదింటితో అమెరికాలోని ఫీనిక్స్ జూలో ఓ మందను పెంచారు. అరిజోనా కూడా ఎడారే కాబట్టి అక్కడి వాతావరణం సరిపడింది. ఇటు షేక్ జాయెద్ కూడా రెండు జంటలను పట్టించి పెంచడం మొదలుపెట్టారు. 1968లో మొదలైన అల్ ఐన్ జూ ఆ పనికి కేంద్రమైంది. పిల్లలుంటే సాయంత్రం ఆ జూకు వెళ్లండి. రాతి మీద పొద్దున చూసిన జంతువును సాయంత్రం ప్రాణంతో చూపించొచ్చు.

1982లో ఒమన్ ఎడారిలో ఆరిక్స్‌ను మళ్లీ వదిలారు. 1996 నాటికి అవి 450 అయ్యాయి. ఆ అభయారణ్యం 1994లోనే యునెస్కో జాబితాకెక్కింది. కానీ దొంగ వేట మళ్లీ మొదలైంది. 2007 నాటికి 65 మిగిలాయి. అభయారణ్యాన్ని 90 శాతం కుదించడంతో యునెస్కో దాన్ని జాబితా నుంచి తీసేసింది. ప్రపంచ వారసత్వ జాబితా నుంచి ఒక స్థలాన్ని తొలగించడం అదే మొదటిసారి. పాతికేళ్ల కష్టం పదేళ్లలో పోవచ్చని అక్కడ తేలింది.

రెండో రోజు: కంచె లోపలి ఎడారి

ఆ పాఠం తెలిసి చూస్తే దుబాయ్ ఎడారి సంరక్షణ కేంద్రం చుట్టూ ఉన్న కంచె అర్థమవుతుంది. దుబాయ్ - అల్ ఐన్ దారిలోనే 225 చదరపు కిలోమీటర్ల ఎడారిని ఇలా కాపాడుతున్నారు. సొంత కారులో లోపలికి వెళ్లనివ్వరు. అనుమతి ఉన్న కొద్దిపాటి టూర్ కంపెనీలే గైడ్‌తో తీసుకెళ్తాయి. బండ్లు కూడా నిర్ణయించిన దారుల్లోనే వెళ్లాలి.

పొద్దున్నే వెళ్లడం మంచిది. ఇసుక మీద రాత్రి జరిగిందంతా రాసిపెట్టి ఉంటుంది. బల్లి పాకిన గీత, పేడపురుగు నడిచిన చుక్కలు, జింక గిట్టల గుర్తులు గైడ్లు చూపిస్తారు. అరేబియన్ గజెల్ అనే చిన్న జింకలు ముందు కనిపిస్తాయి. తర్వాత ఏదో దిబ్బ దిగగానే తెల్లగా మెరుస్తూ ఆరిక్స్ మంద. ఆ తెలుపే దాని గొడుగు, ఎండను వెనక్కి కొట్టేస్తుంది. తాగడానికి నీళ్లు లేకపోయినా ఆకుల్లోని తేమతో, పొద్దుటి మంచుతో చాలా రోజులు నెట్టుకొస్తుంది. మిట్టమధ్యాహ్నం నీడలో ఇసుక తవ్వుకుని చల్లటి పొరలో పడుకుంటుంది.

ఒకప్పుడు లేకుండా పోయిన ఈ జంతువు పరిస్థితి 2011 నాటికి ఐయూసీఎన్ జాబితాలో మూడు మెట్లు మెరుగుపడింది. ప్రకృతిలో అంతరించిపోయిన ఏ జంతువుకూ అంతకుముందు అలా జరగలేదు. అయినా ఇక్కడ దాణా పెట్టాల్సి వస్తోంది, కంచె వేయాల్సి వస్తోంది. వాన కోసం వందల మైళ్లు తిరిగే జంతువుకు ఇప్పుడు హద్దు ఉంది. పూర్తిగా గెలిచామని చెప్పుకునే రోజు ఇంకా రాలేదు.

ఇది మన జమ్మి చెట్టే!

మంద కనిపించిన చోటే చెట్టు కూడా ఉంటుంది. చిన్న చిన్న ఆకులు, వాలిన కొమ్మలు. ఇక్కడివాళ్లు ‘గాఫ్’ అంటారు. యూఏఈ జాతీయ వృక్షం. 2019ని సహన సంవత్సరంగా జరుపుకున్నప్పుడు ఈ చెట్టునే గుర్తుగా పెట్టుకున్నారు. దీని కింద మజ్లిస్ పెట్టి తగువులు తీర్చుకునేవారు కాబట్టి.

దగ్గరికెళ్లి చూడండి. ఎక్కడో చూసినట్టు లేదూ? ఇది మన జమ్మి చెట్టు. శాస్త్రీయ నామం కూడా ఒక్కటే, ప్రొసోపిస్ సినెరారియా. పాండవులు ఆయుధాలు దాచారని మనం దసరాకు పూజచేసే చెట్టు. తెలంగాణ రాష్ట్ర వృక్షం. ఆకు చేతిలో పెట్టి ‘బంగారం’ అంటూ అలాయ్ బలాయ్ తీసుకునే చెట్టు. గల్ఫ్‌లో ఇరవై ఏళ్లు ఉండి కూడా ఈ సంగతి తెలియనివాళ్లు ఎందరో. వేర్లు ముప్ఫై మీటర్ల లోతు దాకా వెళ్లి నీళ్లు వెతుక్కుంటాయి. ఆ నీడనే ఆరిక్స్ పడుకుంటుంది, ఆ ఆకే ఒంటె తింటుంది. ఎంత ముచ్చటేసినా ఆకు మాత్రం తుంచకండి. ఇక్కడ ఈ చెట్టుకు చట్టం అండ ఉంది.

మనం వదిలేసి వచ్చే కవర్లు

తుపాకీ పోయింది, ఇప్పుడు ప్లాస్టిక్ వచ్చింది. చలికాలం సెలవు రోజుల్లో ఎడారి అంచుల్లో పిక్నిక్‌లు మనవాళ్లకు మామూలే. బిర్యానీ డబ్బాలు, కవర్లు, గ్లాసులు గాలికి ఎగిరిపోతే ఎవరు చూడొచ్చారులే అనుకుంటాం. దుబాయ్‌లోని పశు పరిశోధనశాల నిపుణులు 2008 నుంచి పరీక్షించిన 30 వేల ఒంటెల్లో 300కు పైగా ఒంటెల కడుపుల్లో ప్లాస్టిక్ ముద్దలు కనిపించాయి. కవరు ఉప్పగా, నూనెగా ఉంటే జంతువు తినేస్తుంది. అది బయటికి రాదు. కడుపు నిండినట్టే అనిపించి మేత మానేస్తుంది.

సమాధుల దగ్గర కూడా అంతే. ఐదు వేల ఏళ్లు నిలబడిన రాయి ఒక్క సెల్ఫీ కోసం ఎక్కితే జారిపోతుంది. పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్లండి.

వెళ్లేముందు...

• నవంబర్ నుంచి మార్చి మధ్య వెళ్తే హాయి. వేసవిలో మధ్యాహ్నం బయట తిరగొద్దు.

• కారు లేనివాళ్లు దుబాయ్ అల్ గుబైబా బస్ స్టేషన్ నుంచి అల్ ఐన్ బస్సు ఎక్కొచ్చు. అక్కడ దిగాక నలుగురు కలిసి టాక్సీ మాట్లాడుకుంటే ఖర్చు తగ్గుతుంది.

• ఒయాసిస్, జాహిలీ కోట చూడ్డానికి టికెట్ లేదు. మిగతాచోట్ల వేళలు, టికెట్ ధరలు ఒకసారి కనుక్కుని వెళ్లండి.

• సంరక్షణ కేంద్రానికి ముందుగా బుక్ చేసుకోవాలి. ‘ఎడారి సఫారీ’ అని ఉన్నవన్నీ లోపలికి వెళ్లవు. ఏ ఎడారికి తీసుకెళ్తారో అడిగి మరీ డబ్బు కట్టండి.

• అంత ఖర్చు వద్దనుకుంటే అల్ మర్మూమ్ సంరక్షణ ప్రాంతం ఉంది. దీనికి కంచె లేదు, సొంతంగా వెళ్లొచ్చు. అల్ కుద్రా చెరువుల దగ్గర పక్షులు, అదృష్టం బాగుంటే ఆరిక్స్ కూడా కనిపిస్తాయి.

• మనిషికి మూడు లీటర్ల నీళ్లు, టోపీ, బూట్లు ఉండాలి. దాంతోపాటు ఓ పెద్ద చెత్త సంచి. వెనక్కి వచ్చేటప్పుడు అది నిండాలి.