వీధి మాటే హిప్ హాప్‌కు వేరు

బడికి కొత్త బట్టల కోసం సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో టికెట్ పెట్టి పార్టీ చేసింది. పాటలు వేసింది ఆమె అన్న, డీజే కూల్ హెర్క్. జమైకా నుంచి వలస వచ్చిన కుటుంబం వారిది. హిప్ హాప్ పుట్టినరోజుగా ఆ రోజునే చెప్పుకుంటారు.

తరువాత డబ్బు, ఆడంబరం చేరాయి. 2018లో కెండ్రిక్ లామార్‌కు పులిట్జర్ బహుమతీ వచ్చింది. అయినా వేరు ఎండలేదు. తమ బతుకును తమ యాసలో చెప్పడమే ఆ వేరు. ముంబయి ధారావి కుర్రాళ్లు హిందీ, మరాఠీ, తమిళాల్లో అదే చేస్తున్నారు.

మన పిల్లలు ర్యాప్ అంటే కసరకండి. అమెరికా యాస అరువు వద్దనండి. హోసూరు, బళ్లారి, బరంపురం ఇళ్లలో పలికే తెలుగులోనే తమ వీధి గురించి రాయమనండి. ఆ తెలుగును తప్పుపడితే పాటతో పాటు మాటా ఆగిపోతుంది.