ఆంగ్ల పద్యము, తెలుగు చెవి

మోత్కూరు వంటి గ్రామసీమలలో ఉన్నత పాఠశాల విద్యార్థికి ఆంగ్ల గద్యము కన్న ఆంగ్ల పద్యమే ఎక్కువ భయము కలిగించుచున్నది. గద్యమునకు అర్థము తెలిసిన చాలును. పద్యమునకు అర్థము తెలిసిన పిమ్మట గూడ ఒక ప్రశ్న మిగిలియుండును: ఇందలి అలంకారమేది? సిమిలీ, మెటఫర్, పర్సానిఫికేషన్, ఎలిటరేషన్ అను పేర్లను పిల్లలు ఎక్కములవలె వల్లించి, పరీక్షనాడు వానిలో ఏదో ఒకటి వ్రాసివచ్చుచున్నారు. 2022-23 విద్యా సంవత్సరమునుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్ల మాధ్యమము దశలవారీగా ప్రవేశపెట్టబడినందున, ఆంగ్లమెరుగని ఇండ్ల బిడ్డలకు ఈ చిక్కు మరింత పెరిగినది. ఆ పేర్లలో తెలిసిన విషయమెంత, నిజముగ కొత్తదెంత అని విడదీసి చెప్పినచో సగము భయము తీరునని మా నమ్మకము.

మోత్కూరు పూర్వము నల్లగొండ జిల్లాలోనిది. 2016లో యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది. రాచకొండ దుర్గము ఈ జిల్లాలోనే యున్నది. 14వ శతాబ్దమున అచట ఏలిన రేచర్ల సింగభూపాలుడు రసమును, నాట్యమును గూర్చి ‘రసార్ణవసుధాకరము’ అను సంస్కృత లక్షణగ్రంథమును రచించెను. కావ్యమును విడదీసి, ప్రతి భాగమునకు పేరుపెట్టి పరిశీలించు విద్య ఈ రాళ్లనేలకు ఆంగ్లముతో వచ్చినది కాదు.

ఉదాహరణమునకై ఒక ఆంగ్ల పంక్తిని మేమే కూర్చితిమి: ‘ద విలేజ్ లేక్ ఈజ్ షైనింగ్ లైక్ ఎ గ్లాస్.’ ఊరిచెరువు అద్దమువలె మెరయుచున్నదని అర్థము. (గ్లాసనగా ఇచట నీళ్లు త్రాగునది కాదు.) ఇది సిమిలీ, మన ఉపమాలంకారము. ‘లైక్’ గాని ‘యాజ్’ గాని ఉన్నచో సిమిలీ యని పిల్లలు గుర్తుపెట్టుకొందురు. ఈ గుర్తు మోసపుచ్చును. ‘ఐ లైక్ మ్యాంగోస్’ అనుచోట లైక్ ఉన్నను పోలిక లేదు. తెలుగు తరగతిలో నేర్చిన నాలుగు అంగములే ఇంతకన్న గట్టి కొలబద్ద: చెరువు ఉపమేయము, అద్దము ఉపమానము, మెరయుట సమానధర్మము, ‘లైక్’ ఉపమావాచకము. సమానధర్మమును విద్యార్థి తన మాటలలో చెప్పగలిగెనా, అతనికి పద్యము అర్థమైనట్లే. ఒక్కొక్కప్పుడు కవి దానిని చెప్పక విడుచును. అట్టిచోట దానిని వెదకుటయే పాఠము.

మెటఫర్ దగ్గర కొంత జాగ్రత్త కావలెను. దీనిని రూపకమని అనువదించుట వాడుక. ‘చెరువు ఊరికి అద్దము’ అన్నప్పుడు అది సరియే. కాని ఎండకాలమున చెరువెండి బురద నెఱ్ఱెలు విచ్చినప్పుడు ‘ఊరి అద్దము పగిలినది’ అందుమనుకొనుడు. ఇచట చెరువు పేరే లేదు. ఉపమానమొక్కటే మిగిలి, ఉపమేయమును మ్రింగివేసినది. మన లక్షణకర్తలు దీనిని రూపకాతిశయోక్తి యని వేరుచేసిరి. ఆంగ్లమున ఇదియు మెటఫరే. రెండు వస్తువులును కంటికి కనబడిననే మెటఫర్ అనుకొను పిల్లవాడు ఇట్టి పంక్తిని దాటిపోవును. అందువలన మెటఫర్ రూపకముకన్న విశాలమైనదని ముందే చెప్పవలెను. పర్సానిఫికేషన్ సులభము. ‘చెరువు దాహమని ఏడ్చినది’ అనునట్లు ప్రాణము లేనిదానికి మనిషి చేష్టను అంటగట్టుట అది.

అసలు తికమక ధ్వనులలో నున్నది. ప్రాస యనగానే మన విద్యార్థి చూపు పాదములోని రెండవ అక్షరముపై పడును. ఆంగ్ల రైమ్ పాదాంతమున నుండును, మన అంత్యప్రాసవంటిది. పైగా అది చెవికి సంబంధించినది, వ్రాతకు కాదు. ‘కమ్’, ‘హోమ్’ అను మాటలను ఆంగ్లమున వ్రాసినచో చివరి మూడక్షరములు ఒక్కటే. అయినను వానికి రైమ్ లేదు. ‘లైట్’, ‘కైట్’ అనువానికి వర్ణక్రమము వేరు. రైమ్ నిక్షేపముగ నున్నది. ఎలిటరేషన్ వృత్త్యనుప్రాసకు దగ్గర చుట్టము. అది ముఖ్యముగ మాటల మొదటి ధ్వనిని పట్టి యుండును. సుమారు వేయేండ్లనాటి ప్రాచీనాంగ్ల పద్యములలో అది అందముకొరకు కాదు, నియమము. పాదమును రెండుగ విరిచి, ఆ రెండు భాగములను సమాన ధ్వనితో ముడివేసెడివారు. ఉత్పలమాలలో మొదటి అక్షరమునకును పదవ అక్షరమునకును యతి కూర్చు మనకు ఇది వింతగ తోపదు.

ఇక మీటరు. లఘువు వెంట గురువు వచ్చిన మనకు వగణము. ప్రాచీన గ్రీకు పద్యములో ‘అయాంబ్’ సరిగ్గ అదియే: హ్రస్వము, పిదప దీర్ఘము. ఆంగ్లకవులు పేరును తెచ్చుకొనిరి గాని, కాలపరిమాణమునకు బదులు ఉచ్చారణలోని ఊనికను కొలతగ గైకొనిరి. మా పంక్తినే చూడుడు. ‘విలేజ్’లో ‘వి’ మన లెక్కకు లఘువు. ఆంగ్లమున ఊనిక దానిమీదనే పడును గనుక అదియే బలమైనది. వి, లేక్, షై, లైక్, గ్లాస్ అను ఐదుచోట్ల ఊనిక పడినందున ఆ పంక్తి అయాంబిక్ పెంటామీటరైనది. కాగితముపై గురులఘువులు గుర్తించి దీనిని సాధింప జూచినవారు ఓడిపోవుదురు. దీనికి ఎదురుదారిన నడచినవాడు సి. పి. బ్రౌన్. మాత్రల కొలతకు అలవాటులేని ఆంగ్లపాఠకులకొరకు ఆయన 1827లో తెలుగు, సంస్కృత ఛందస్సులను ఆంగ్లమున వివరించుచు గ్రంథము ప్రకటించెను.

రేడియో ముందు కూర్చుండు ఇంటివారికి వినుట అలవాటైన పని. బిడ్డను ఆంగ్ల పద్యము బిగ్గరగ, రెండుసార్లు చదువుమనుడు. గొంతు బలముగ పడినచోటనెల్ల తొడపై తాళము వేయుడు. పంక్తికి నాలుగు దెబ్బలు పడినవో, ఐదు పడినవో, ఆంగ్లము రాని తాతయు లెక్కింపగలడు.