బోరు నీళ్లకు మందు కొలత

మా వీధి బోరు నీళ్లలో క్రిములున్నాయని పరీక్షలో తేలింది. అందరం చందాలు వేసుకుని, క్లోరిన్ మందు కలిపే చిన్న పంపు కొన్నాం. లెక్కలు తెలిసినవాణ్ణి గదా అని అమర్చే పని నాకు అప్పగించారు. మూడోనాటికే ఎదురింటి పిన్నిగారు బిందె తెచ్చి నా ముందు పెట్టారు.

"ఈ కంపు నీళ్లు పిల్లలు తాగటం లేదు నాయనా! మళ్లీ పాత బావికే వెళుతున్నాం" అన్నారు.

నా గుండె గుభేలుమంది. ఆ బావిలో మందే లేదు!

తప్పెక్కడ? మోటారు రేకుమీద గంటకు 10,000 లీటర్లని ఉంటే నమ్మేశాను. బోరు లోతును బట్టి నీళ్లు తగ్గుతాయని మరిచాను. 200 లీటర్ల డ్రమ్ము నిండడానికి 2 నిముషాలు పట్టింది. అంటే గంటకు 6,000 లీటర్లే! మా నీళ్లకు లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ కావాలి. అందులో 1.5 ఇనుమూ మలినాలూ మింగేస్తాయి, 0.5 మిగలాలి. గంటకు 12 గ్రాములు చాలు. నేను పోసింది 20!

మా ద్రావణంలో లీటరుకు 10 గ్రాములుంది. కనుక గంటకు 1.2 లీటర్లు. పంపు గరిష్ఠం 2.4 లీటర్లు గనుక నాబ్ సగానికి తిప్పాను. దాన్నీ నమ్మలేదు సుమండీ! కొలత గ్లాసుతో చూస్తే నిముషానికి 20 మిల్లీలీటర్లు పీలుస్తోంది. సరిపోయింది. మోటారు ఆగితే పంపూ ఆగేటట్లు తీగలు కలిపించాను.

అరగంట నిలవ ఉంచి పరీక్షిస్తే 0.5 మిగిలింది. తాగే చోట కనీసం 0.2 ఉండాలని భారత ప్రమాణం. ఎండలకు మందు బలం తగ్గుతుంది. అందుకే వారం వారం చూస్తున్నాను.

పిన్నిగారు గ్లాసెడు తాగి, "ఇప్పుడు నీళ్లు నీళ్లలాగున్నాయి" అన్నారు. ఇంతకంటె మెచ్చుకోలు ఏం కావాలి!