తొట్టి లేని పికప్: 8 బోల్టుల లెక్క

డాలస్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఈ బండిని చూసే ఉంటారు. ముందు తళతళలాడే క్యాబిన్. వెనక తొట్టి ఉండదు. రెండు పొడవాటి ఇనుప దూలాలు, వాటి మధ్య పెట్రోలు ట్యాంకు, గిరగిరా తిరిగే షాఫ్టు, మడ్‌గార్డులు లేని చక్రాలు. కోటూ టై వేసుకుని పంచె కట్టుకోవడం మరిచిపోయిన పెద్దమనిషిలా ఫ్రీవే మీద దర్జాగా పోతుంటుంది.

మన లారీ ఓనర్లకైతే ఇందులో వింతేమీ కనిపించదు. చాసిస్ కొనుక్కొచ్చి విజయవాడ ఆటోనగర్‌లో బాడీ కట్టించుకోవడం వాళ్లకు అలవాటే. అమెరికాలోనూ మొదట ఇదే పద్ధతి. ఫోర్డ్ 1917లో టన్ను బరువు మోసే మోడల్ టీటీని 600 డాలర్లకు ఉత్త చాసిస్‌గానే అమ్మింది. వెనక పెట్టె సంగతి కొన్నవాడే చూసుకోవాలి. ఫ్యాక్టరీలోనే తొట్టి బిగించిన మోడల్ టీ పికప్‌ను 281 డాలర్లకు తెచ్చింది 1925లో. అంటే తొట్టి ఆ తర్వాత వచ్చి చేరిన చుట్టమే.

ఆ చుట్టాన్ని సాగనంపడమూ తేలికే. క్యాబిన్ వేరు, తొట్టి వేరు. రెండూ ఒకే ఫ్రేము మీద పక్కపక్కన కూర్చుంటాయి. తొట్టిని పట్టి ఉంచేవి 8 బోల్టులు, కొన్ని మోడళ్లకు 6. వెనక లైట్ల వైరు ప్లగ్గు ఊడదీసి, పెట్రోలు పోసే గొట్టం మూతి దగ్గరి స్క్రూలు విప్పి, తలో మూలా నలుగురు పట్టుకుంటే లేచి వచ్చేస్తుంది. బోల్టులు తుప్పు పట్టకపోతేనే సుమా. పడితే ఆ పూటంతా నూనె కొట్టడం, సుత్తితో మోదడం, తిట్టుకోవడం.

మెకానిక్కులు ఈ పని తరచూ చేస్తారు. పెట్రోలు పంపు ఉండేది ట్యాంకు లోపల. ఫోర్డ్ ఎఫ్-150లో పెద్ద ట్యాంకు 36 గ్యాలన్లది, అంటే 136 లీటర్లు. నిండుగా ఉంటే పెట్రోలు ఒక్కటే 100 కిలోలు. బండి కింద దూరి అంత బరువు దించుకోవడం కన్నా పైన తొట్టి ఎత్తేయడం నయం. పని ముగియకుండానే టెస్ట్ డ్రైవ్‌కి తీసిన బండి అయినా కావచ్చు మీరు చూసింది.

తొట్టి ఎప్పటికీ తిరిగి రాని బండ్ల కథ వేరు. ఎక్కువగా అవి ఒక పనికీ మరో పనికీ మధ్య ఉన్నవి. మంచు రాష్ట్రాల్లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. దేశమంతా కలిపి ఏటా దాదాపు 2 కోట్ల టన్నులు. ఆ ఉప్పు ముందు తినేది తొట్టి రేకునే. కింద ఫ్రేము గట్టిగా ఉంటే చాలు, కుళ్లిన తొట్టి తీసేసి, డబ్బు చేతికందాక బల్లపరుపు ఫ్లాట్‌బెడ్ వేయించుకుంటారు.

రైతు లెక్క ఇంకా తేట. ఎఫ్-150 తొట్టిలో చక్రాల గుబ్బల మధ్య దూరం సుమారు 50 అంగుళాలు. 48 అంగుళాల ప్లైవుడ్ షీటు ఇమిడేలా పెట్టిన కొలత అది. 60 అంగుళాల వ్యాసం ఉన్న గడ్డి చుట్ట అందులో ఎలా పడుతుంది? ఆ చుట్ట ఒక్కోటి అర టన్ను తూగుతుంది. పక్క గోడలు లేని ఫ్లాట్‌బెడ్ ఉంటే ఏ వైపు నుంచైనా ఎక్కించొచ్చు, దించొచ్చు. టెక్సస్, ఓక్లహోమాల్లో పైపులైను వెల్డర్లదీ అదే అవసరం: మెషీను, గ్యాసు సిలిండర్లు, కేబుళ్ల చుట్టలు నేల మీద నిలబడే చేతికందాలి. 21 అంగుళాల గోడ మీంచి రోజుకు 50 సార్లు వంగితే నడుం ఏమవుతుందో చెప్పాలా? ఇలాంటివాళ్ల కోసమే కంపెనీలు కొన్ని పెద్ద పికప్‌లను తొట్టి లేకుండానే అమ్ముతున్నాయి.

ఒకప్పుడు తొట్టి లేకపోవడం వెనక పన్ను లెక్క కూడా ఉండేది. 1962లో ఐరోపా ఉమ్మడి మార్కెట్ అమెరికా కోళ్ల మీద సుంకం పెంచింది. బదులుగా 1963 డిసెంబరులో ప్రెసిడెంట్ లిండన్ జాన్సన్ కొన్ని దిగుమతుల మీద 25 శాతం సుంకం వేశారు. ఆ జాబితాలో ట్రక్కులున్నాయి. కోడి మీద కోపం ట్రక్కు మీద తీర్చుకున్నారన్నమాట. అయితే తొట్టి లేని చాసిస్ మీద సుంకం 4 శాతమే. 2,000 డాలర్ల బండికి లెక్కేయండి: తొట్టితో వస్తే 500, లేకుండా వస్తే 80. ఇంకేముంది, 1972 నుంచి మాజ్దా తయారీ ఫోర్డ్ కూరియర్, ఇసుజు తయారీ షెవ్రొలే లవ్ తొట్టి లేకుండా ఓడ దిగి, అమెరికాలో తొట్టి బిగించుకుని షోరూములకు వెళ్లాయి. ఈ కంత 1980లో పూడింది.

బరువు తగ్గితే మైలేజీ పెరుగుతుందని తీసేసేవాళ్లూ ఉన్నారు. నాకు అంత నమ్మకం లేదు. తొట్టి బరువు 180 కిలోలనుకుందాం. 2,200 కిలోల ఖాళీ పికప్‌లో దాదాపు 1,300 ముందు చక్రాల మీద, 900 వెనక. తొట్టి తీస్తే వెనక మిగిలేది 720. మొత్తంలో 36 శాతం. అర టన్నుకు పైగా మోయడానికి పెట్టిన స్ప్రింగులు ఆ కాస్త బరువుకు వంగవు. గతుకు వస్తే తోక ఎగురుతుంది, వానలో మలుపు తిప్పితే జారుతుంది. పైగా క్యాబిన్ వెనక గాలి సుడులు తిరుగుతుంది. వెనక తలుపు మూసిన తొట్టిలో ఆ సుడి ఒక దిండులా కుదురుకుని, పై గాలిని సాఫీగా జారనిస్తుంది. తొట్టి లేకపోతే ఆ సాయమూ పోతుంది.

ఇక పోలీసుల సంగతి. వెనక లైట్లు, నంబరు ప్లేటు తొట్టితోపాటే పోతాయి గనుక వేరే బిగించుకోవాలి. మడ్‌గార్డుల నిబంధన రాష్ట్రానికో తీరు. 2018 మే నుంచి 10,000 పౌండ్ల లోపు కొత్త బండ్లన్నిటికీ వెనక కెమెరా తప్పనిసరి. పికప్‌లలో అది సాధారణంగా తొట్టి తలుపు పిడి దగ్గరే ఉంటుంది. తలుపు లేదు, కెమెరా లేదు. రివర్సు గేరు వేస్తే తెర మీద చీకటే.

తీసిన తొట్టి మాత్రం వృథా కాదు. బాగుంటే తుప్పు తొట్టివాడెవడో కొనుక్కుంటాడు. కొందరు దానికి ఒక ఇరుసు, రెండు చక్రాలు తగిలించి ట్రైలరు చేసి, అదే పికప్ వెనక కట్టుకుని లాక్కెళతారు.