తోలు సంచిని తిప్పి చూడండి

మా పెండ్లి జరిగి పదిహేనేండ్లు నిండినప్పుడు నా భార్యకు ఒక హ్యాండ్‌బ్యాగు కొనిపెట్టాను. ఆమె బడిలో ఉపాధ్యాయురాలు. జవాబు పత్రాలు, టిఫిన్ డబ్బా, నీళ్ళ సీసా, గొడుగు, అన్నీ ఒక గుడ్డసంచిలో వేసుకొని రోజూ బస్సెక్కేది. మంచి తోలు బ్యాగు కావాలని ఎన్నడూ నోరు తెరిచి అడగలేదు గాని, దుకాణాల అద్దాల ముందు ఆమె నడక కాస్త నెమ్మదించడం నేను గమనించాను. హైదరాబాదులో ఒక పెద్ద దుకాణానికి వెళ్ళి, 2,800 రూపాయలు పెట్టి ముదురు గోధుమరంగు బ్యాగు తెచ్చాను. పాస్టరు ఇంట్లో అది చిన్న మొత్తం కాదని మీకు వేరుగా చెప్పనక్కరలేదు. లోపల బంగారు అక్షరాలతో ‘జెన్యూన్ లెదర్’ అని ముద్ర ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే తోలు వాసన వచ్చింది. ఇంకేమి కావాలి?

రెండు వానకాలాలు గడిచేసరికి పిడి దగ్గర పైపొర అప్పడంలా ఉబ్బి, పెచ్చులు లేచింది. ఆదివారం ఆరాధనకు తెల్లచీర కట్టుకుంటే చీరమీద గోధుమరంగు పొట్టు రాలేది. ఆమె ఒక్క మాట అనలేదు. నాకే సిగ్గనిపించింది.

మా సంఘంలో ఒక పెద్దాయన ఉన్నాడు. డెబ్బై దాటినవాడు. నల్లగొండలో రోడ్డు పక్కన చెట్టు కింద కూర్చొని చెప్పులు, సంచులు కుడతాడు. పిడి అయినా బాగుచేయిద్దామని బ్యాగు ఆయన దగ్గరకు తీసుకెళ్ళాను. ఆయన ముందువైపు చూడనే లేదు. జిప్పు తెరిచి, లోపలి గుడ్డను మూల దగ్గర పైకి లాగి, తోలు అంచును బొటనవేలితో నిమిరాడు.

“ఎంత పెట్టిన్రయ్యగారూ?”

చెప్పాను.

“తోలే ఇది. అబద్ధం గాదు. కాకపోతే అడుగుపొర. దాని మీద ప్లాస్టిక్కు పూసి గీతలు అచ్చుగుద్దిన్రు. ముందటి మొకం జూసి కొంటే గిట్లనే అయితది. తిప్పి సూడాలె.” సూది పక్కనపెట్టి, కాసేపాగి మళ్ళీ అన్నాడు: “మీ తాత ఉంటే దుకాణంలనే చెప్పేటోడు.”

ఆ మాట నన్ను గట్టిగానే తగిలింది. మా తాత దేవరకొండ దిక్కున ఒక పల్లెలో తోళ్ళు ఊనేవాడు. థియాలజీ చదివే రోజుల్లో తోటి విద్యార్థులు “మీ తాతగారు ఏం చేసేవారు?” అని అడిగితే “వ్యవసాయం” అని చెప్పాను. ఒకసారి కాదు, మూడేండ్లూ అదే చెప్పాను. యొప్పేలో పేతురు చాలా దినములు బస చేసింది సీమోను అనే చర్మకారుని ఇంట్లోనని అపొస్తలుల కార్యముల పరీక్షలో చక్కగా రాసి మార్కులు తెచ్చుకున్నాను. 1866లో ఒంగోలు ప్రాంతంలో తెలుగు బాప్తిస్టు సంఘానికి ఆది విశ్వాసులలో ఒకడైన ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారి అని కూడా చదువుకున్నాను. మా ఇంటి సంగతి మాత్రం బయటికి రానివ్వలేదు. ఆ వృత్తితోపాటు ఆ కన్నును కూడా వదులుకున్నందుకు నేను చెల్లించిన వెల 2,800 రూపాయలు.

తాత చేసిన వాటిలో గొప్ప పని మోటబొక్కెన. నల్లగొండ, పాలమూరు మెట్టభూముల్లో కరెంటు మోటార్లు రాకముందు బావి నీళ్ళు మడికెక్కింది మోటతోనే. రెండెడ్లు పల్లానికి నడిస్తే బొక్కెన పైకి వచ్చేది. దానికి కుట్టిన తోలు తొండం లోంచి నీళ్ళు కాలువలో పడేవి. నేను పుట్టేసరికే మోటలు మూలపడ్డాయి గాని, మా వసారాలో ఒక పాత తొండం వేలాడుతుండేది. పొద్దంతా నీళ్ళలో నానుతూ, రాళ్ళకు రాసుకుంటూ, రాత్రి ఆరుతూ, మళ్ళీ తెల్లవారి నానుతూ బతికిన తోలు అది. దానికి ముద్ర లేదు, బంగారు అక్షరాలు లేవు. కుట్టు కారితే రైతు తెల్లారేసరికి మా ఇంటి ముందర నిలబడేవాడట. నాణ్యతకు అంతకంటే గట్టి పూచీ ఏముంటుంది?

తోలు ఎట్లా తయారవుతుందో తెలిస్తే తప్ప బ్యాగును అంచనా కట్టలేము గనుక ఆ సంగతి కొంచెం చెబుతాను. పచ్చితోలును మొదట సున్నపునీళ్ళలో నానబెట్టి వెంట్రుకలు, లోపలి కండ గీకేస్తారు. తరువాత లందలో తంగేడు చెక్క, కరక్కాయ నానిన నీళ్ళలో వారాల తరబడి ఉంచుతారు. బతుకమ్మలో మనవాళ్ళు పేర్చే పసుపుపచ్చని తంగేడే. 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పమైనది కూడా అదే. పూవు బతుకమ్మకు పోయేది, చెక్క లందకు వచ్చేది. పెద్ద బర్రెతోలునైతే సంచిలా కుట్టి, లోపల చెక్క, నీళ్ళు నింపి, గుంజకు వేలాడగట్టేవారు. చెక్కలోని వగరు మెల్లగా తోలులోకి దిగి, అది కుళ్ళకుండా కాపాడుతుంది. అట్లా ఊనిన తోలు లేత గోధుమరంగులో ఉండి, ఎండకు, చేతి చెమటకు ఏండ్లు గడిచేకొద్దీ ముదురుతుంది.

కర్మాగారాల్లో ఎక్కువగా వాడేది క్రోమియం లవణాలు. పెద్ద పీపాల్లో తిప్పితే వారాల పని ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. తోలు నీలంగా బయటికి వస్తుంది, మెత్తగా ఉంటుంది, వేడికి తట్టుకుంటుంది. ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏండ్లలో మద్రాసులో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే అధికారి ఈ క్రోమ్ తోలుతో మోటబొక్కెనలే చేయించి చూశాడు. కాబట్టి క్రోమ్ తోలు నాసి అనీ, చెక్కతో ఊనినదే అసలైనదనీ కొందరు చెప్పేది పూర్తిగా నిజం కాదు. రెండూ తోలే. అయితే క్రోమ్ నీళ్ళను శుద్ధి చేయకుండా వదిలితే చెరువులు, బావులు పాడవుతాయి. తమిళనాడులోని రాణిపేట వంటి చోట్ల నేల, నీరు అట్లాగే చెడిపోయాయి.

ఇక పొరల సంగతి. అసలు మోసం జరిగేది ఇక్కడే. మందపు తోలును యంత్రంతో అడ్డంగా రెండుగా చీలుస్తారు. వెంట్రుకలు మొలిచిన పైపొరలో నారలు దగ్గరగా అల్లుకొని ఉంటాయి. బలమంతా దానిదే. అడుగుపొర వదులుగా, రెండువైపులా నూగునూగుగా ఉంటుంది. దానికి రంగు ప్లాస్టిక్కు పూత వేసి, చర్మపు గీతలు అచ్చుగుద్దితే కంటికి పైపొరలాగే కనిపిస్తుంది. ఇంకొక రకం ఉంది: తోలు తుక్కును పొడిచేసి, జిగురు కలిపి అట్టలాగ వత్తేది. అందులో తోలు ఉన్నమాట నిజమే, పేడలో గడ్డి ఉన్నట్టు. ‘జెన్యూన్ లెదర్’ అనే ముద్ర వీటిలో దేనిమీదైనా కనిపించవచ్చు గనుక దాన్ని చూసి డబ్బు తీయకండి. వాసన కూడా సాక్ష్యం కాదు. వాసన చల్లుతారు.

దుకాణంలో ఏం చేయాలి? ముందు మూలలోనో జేబు లోపలనో మడవని అంచు ఎక్కడైనా కనిపిస్తుందేమో వెదకండి. నిజమైన పైపొర తోలు అంచులో నారలు దగ్గరగా, పైనుంచి కిందివరకు ఒకే ముద్దలా ఉంటాయి. పైన సన్నని ప్లాస్టిక్కు గీత వేరుగా కనిపించిందా, అది పూత. కింద నేసిన గుడ్డ కనిపించిందా, అది రెక్సిను. తరువాత బొటనవేలితో నొక్కండి. మంచి తోలు చుట్టూ సన్నని ముడతలు లేచి, వేలు తీయగానే సర్దుకుంటుంది. ప్లాస్టిక్కు అయితే ఊరికే గుంటపడి లేస్తుంది. చర్మరంధ్రాలు చూడండి. దేవుడు చేసిన చర్మంలో రెండు చోట్ల ఒకే అల్లిక ఉండదు. బ్యాగంతా ఒకే వరుసలో, ఒకే దూరంలో చుక్కలుంటే అది అచ్చు. చిన్న గీత, దోమకాటు మచ్చ ఉంటే భయపడవద్దు. చాలామంది మచ్చలేనిదే మంచిదనుకొని నాసిరకం ఏరుకుంటారు. అగ్గిపుల్లతో కాల్చి చూడమని సలహా ఇచ్చేవారున్నారు. దుకాణంవాడు ఊరుకోడు, అది మనకూ మర్యాద కాదు.

తోలు మంచిదైతే చాలదు. కుట్టు చూడండి. అంగుళానికి ఆరేడు కుట్లు సమంగా ఉంటే బాగు. మరీ దగ్గరగా ఉంటే పోస్టు స్టాంపు చించినట్టు ఆ గీత వెంబడే తోలు తెగుతుంది. పిడి బ్యాగును కలిసే చోట లోపల అదనపు తోలుముక్క వేశారా? బరువంతా పడేది అక్కడే. జిప్పును పదిసార్లు తెరిచి మూయండి. జిప్పు పోయిన బ్యాగు ఎంత మంచి తోలైనా ఇంట్లో కూర్చోవలసిందే. కొక్కేలు, రింగులు ఇత్తడివని చెబితే చిన్న అయస్కాంతం దగ్గర పెట్టి చూడండి. అంటుకుంటే అది ఇనుముమీద పూత. వానల్లో తుప్పు పడుతుంది.

ఏ జంతువు తోలో కూడా అడగండి. మేకతోలు పలుచనైనా గట్టిది, రోజువారీ బ్యాగుకు బాగా పనికొస్తుంది. గొర్రెతోలు చేతికి పట్టులా తగులుతుంది గాని సులభంగా చిరుగుతుంది. గొర్రెల్లోనూ తేడా ఉంది. పాలమూరు గొంగళ్ళకు ఉన్ని ఇచ్చే నల్ల దక్కని గొర్రె తోలుకంటే, పొట్టి వెంట్రుకల నెల్లూరు గొర్రె తోలు బిగువైనది. ఉన్ని దట్టంగా పెరిగే చోట చర్మం వదులవుతుంది. 2019 పశుగణనలో 1.9 కోట్ల గొర్రెలతో దేశంలో మొదట నిలిచింది మన తెలంగాణ. అయినా మన పల్లెల్లో లందలు కనిపించవు. తోళ్ళు వ్యాపారుల చేతులు మారి దూరం పోతాయి, బ్యాగులై తిరిగి వస్తాయి.

వెల సంగతికొస్తే, లెక్క ఏండ్లతో కట్టాలి. నేను కొన్న బ్యాగు రెండేండ్లు వచ్చింది, అంటే ఏడాదికి 1,400. బజారులో 600 పెట్టి రెక్సిను బ్యాగు కొంటే ఏడాది వస్తుంది. నాకంటే ఆ కొన్నవారే తెలివైనవారు. రెక్సిను రెక్సిను ధరకు దొరికితే తప్పులేదు. తోలు ధరకు ప్లాస్టిక్కు పూత కొనడమే నష్టం. పదేండ్లు వచ్చే బ్యాగుకు నాలుగువేలు పెట్టినా ఏడాదికి 400 పడుతుంది. మరోవైపు, తోలుతో సంబంధం లేని వెలలు కూడా లోకంలో ఉన్నాయి. జేన్ బర్కిన్ అనే నటి కోసం ఎర్మెస్ కంపెనీ చేసిన మొట్టమొదటి బర్కిన్ బ్యాగు 2025 జూలైలో పారిస్ వేలంలో 86 లక్షల యూరోలకు పోయింది. గీతలు పడి, ఆమె అంటించిన కాగితాల గుర్తులున్న పాత బ్యాగు అది. అక్కడ అమ్ముడుపోయింది పేరు. పుదుచ్చేరిలో 1978లో దిలీప్ కపూర్ మొదలుపెట్టిన హైడిజైన్ మాత్రం చెట్టుచెక్కతో ఊనిన తోలునే నమ్ముకొని పేరు తెచ్చుకుంది. మా తాత పని కూడా అదే కదా అని ఆ సంగతి తెలిసినప్పుడు చాలాసేపు ఆలోచించాను.

తరువాత ఏడాదిన్నర డబ్బు కూడబెట్టి మళ్ళీ బ్యాగు కొన్నాం. ఈసారి పెద్దాయన్ను వెంట తీసుకెళ్ళాం. మూడు దుకాణాలు తిరిగాం. ఆయన అరిగిన చెప్పులు చూసి ఒక సేల్స్ అబ్బాయి మొహం చిట్లించాడు. పెద్దాయన పట్టించుకోలేదు. ఒక్కొక్క బ్యాగునూ తిప్పి, లోపలికి చేయిపెట్టి, తల అడ్డంగా ఊపి పక్కన పెట్టాడు. చివరికి మేకతోలు బ్యాగు ఒకటి చేతిలో అట్లాగే పట్టుకొని, “ఇది తీసుకో బిడ్డా,” అని నా భార్యతో అన్నాడు. దాని ధర 4,200. బేరమాడితే వంద తగ్గింది.

ఐదేండ్లు కావస్తోంది. పిడి రంగు ముదిరి నున్నగా మెరుస్తోంది. వానలో తడిసిన రోజు నా భార్య దానిలో పాత పేపరు కుక్కి నీడన ఆరబెడుతుంది, పొయ్యి దగ్గర పెట్టదు. ప్లాస్టిక్కు కవరులో మూటకట్టదు, బూజు పడుతుంది గనుక. ఏడాదికి రెండుసార్లు గుడ్డకు రెండు చుక్కల ఆముదం అద్ది పలుచగా తుడుస్తుంది. పాలమూరు, నల్లగొండ రైతులు కిర్రుచెప్పులకు పూసిన ఆముదమే. లేతరంగు బ్యాగుకు మాత్రం పూయకండి, మచ్చ పడుతుంది.

మొన్న పిడి దగ్గర ఒక కుట్టు వదిలితే చెట్టుకింది పెద్దాయన దగ్గరకు తీసుకెళ్ళాను. పక్కన మా సంఘపు యువకులు ఇద్దరు నిలబడి చూస్తున్నారు. ఆరెతో రంధ్రం చేస్తూ ఆయన వారికి అంచు చూపించాడు. “మీకిదంతా ఎట్లా తెలుసు తాతా?” అని ఒకడు అడిగాడు. ఆయన నావైపు చూశాడు. మా తాత తోళ్ళు ఊనేవాడని, ఈయన ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడని నేనే చెప్పాను. కుట్టుకు నలభై రూపాయలు తీసుకున్నాడు.